గోడ అవతలి బడి

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగైదు రోజులు గడిచేసరికి మన టౌన్‌షిప్ రూపురేఖలే మారిపోతాయి. వేసవి సెలవులలో నిర్మానుష్యంగా ఉన్న వీధులలో ఉదయం ఏడున్నరకే బూట్ల చప్పుడు వినబడుతుంది. కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం, పేర్లు అంటించడం, బస్సు పాసుల కోసం వరుసలో నిలబడడం, యూనిఫారం పొట్టి అయిందని దర్జీ దగ్గరకు పరుగెత్తడం, ఇలా ప్రతి క్వార్టరులోనూ ఒకే సందడి. ఉగాది తరువాత మన కుటుంబాలకు వచ్చే రెండవ సంవత్సరాది జూన్ నెల అంటే అతిశయోక్తి కాదు.

ఈ సందడికి కిలోమీటరు దూరంలో, మన కర్మాగారపు తూర్పు ప్రహరీగోడకు అవతల, అదే జూన్ నెలలో తలుపులు తెరుచుకునే మరొక బడి ఉన్నది. గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాల అది. ఏళ్ల తరబడి ఆ గోడ వెంట షిఫ్టు బస్సులో రాకపోకలు సాగిస్తున్న మనలో చాలామందికి ఆ బడి పైకప్పు, దాని ముందున్న వేపచెట్టు మాత్రమే పరిచయం. మా సంపాదక వర్గం పరిస్థితి కూడా అంతకంటె భిన్నం కాదని మొదటనే ఒప్పుకుంటున్నాము.

2025 జూన్ 12వ తేదీ, గురువారం నాడు మేము అక్కడికి వెళ్లడానికి కారణం చాలా చిన్నది. పాఠశాల పునఃప్రారంభ సందర్భంగా మన మహిళా సమాజం వారు ఆ బడి పిల్లలకు నోటు పుస్తకాలు పంచుతున్నారు. ఒక ఛాయాచిత్రం, దాని కింద నాలుగు వాక్యాలు ఉంటే పత్రికలో అర పేజీ నిండుతుందని అనుకున్నాము. ఛాయాచిత్రం తీశాము. నాలుగు వాక్యాలు మాత్రం నాలుగింటితో ఆగలేదు. ఆ తరువాత రెండున్నర నెలలలో మేము ఎనిమిదిసార్లు ఆ బడికి వెళ్లాము. చూసినదంతా పాఠక మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పద్నాలుగు పేర్లు

రెండు గదులు, ఒక వరండా, వెనుక వంటశాల, అదే ఆవరణలో అంగన్‌వాడీ కేంద్రం. ఇదీ ఆ బడి స్వరూపం. మహిళా సమాజం వారు ఇరవై ఐదు సెట్ల నోటు పుస్తకాలు తెచ్చారు. వరండాలో వరుసగా కూర్చున్న పిల్లలు పద్నాలుగు మంది. పంపిణీ పది నిమిషాలలో ముగిసింది. మిగిలిన పదకొండు సెట్లను ఏమి చేయాలో తోచక సమాజం సభ్యురాలు ఒకరు ప్రధానోపాధ్యాయురాలి వైపు చూశారు.

"తీసుకుపోకండమ్మా, ఉంచండి. అవసరం పడొచ్చు" అని ఆమె వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ మాటలో ఎంత ఆశ ఉన్నదో, ఎంత ఆందోళన ఉన్నదో అప్పటికి మాకు తెలియలేదు.

తరువాత ఆమె హాజరు పట్టీ తెరిచి లెక్క చెప్పారు. ఏప్రిల్‌లో బడి ముగిసేనాటికి పందొమ్మిది మంది. ఐదవ తరగతి పూర్తి చేసి ఉన్నత పాఠశాలకు వెళ్లినవారు ఆరుగురు. అంగన్‌వాడీ నుండి ఒకటవ తరగతికి వచ్చినవారు ముగ్గురు. ఊరిలోకి ప్రతి ఉదయం వచ్చే ప్రైవేటు బడి పసుపు వ్యానులో చేరినవారు ఇద్దరు. మిగిలినది పద్నాలుగు.

జూన్ మొదటి వారంలో మొదలైన బడిబాట కార్యక్రమంలో ఆమె, సహోపాధ్యాయుడు ఇంటింటికీ తిరిగారు. తల్లిదండ్రులు చెప్పే కారణాలు ఆమెకు కొత్తవి కావు. వ్యాను వస్తుంది, టై కడతారు, ఇంగ్లీషు చెబుతారు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే అర్హత మాకు లేదు. మన పిల్లలు ఎక్కే బస్సు కూడా అటువంటి ఆశతోనే నడుస్తున్నది.

అయితే ఈ లెక్కకు ఒక పర్యవసానం ఉన్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఆచరణలో మాత్రం పిల్లల సంఖ్య ఇరవైకి లోపు పడిపోయిన బడికి ఒక్క ఉపాధ్యాయుడే మిగలడం మన ప్రాంతాలలో తరచుగా కనిపించే స్థితి. 2024–25 యుడైస్ గణాంకాల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో చదువుతున్న పిల్లలు ముప్పై మూడు లక్షలకు పైగా ఉన్నారు.

"బడి మూతపడుతుందని ఊళ్లో అంటుంటారు. నా భయం వేరు సార్" అన్నారు ప్రధానోపాధ్యాయురాలు. "తలుపు తెరిచే ఉంటుంది. లోపల ఒక్కరమే ఉంటాం, ఐదు తరగతులకు. నాకు జ్వరం వచ్చిన రోజున బడికి కూడా జ్వరమే."

గేటు దగ్గరి పిల్లలు

మేము ఈ మాటలలో ఉండగా గేటు దగ్గర అలికిడి అయింది. ఐదారుగురు పిల్లలు ఇనుప కమ్మీల మధ్య నుండి లోపలికి తొంగి చూస్తున్నారు. వారిలో పదేళ్ల బాలిక ఒకతె తమ్ముణ్ణి చంకన ఎత్తుకుని ఉన్నది. ఏ ఊరి పిల్లలని అడిగాము. వంటశాల గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న వంట అక్క తల ఎత్తకుండానే సమాధానం చెప్పింది.

"మీ కంపెనీ షెడ్ల పిల్లలే సారు. దినాం వస్తరు, జరంతసేపు చూస్తరు, పోతరు."

'మీ కంపెనీ' అన్న మాట మా చెవులలో చాలాసేపు నిలిచిపోయింది.

విచారించగా తెలిసినది ఇది. మన విస్తరణ పనుల నిమిత్తం గుత్తేదారులు తెచ్చిన కార్మిక కుటుంబాలు ఝార్ఖండ్, ఒడిశా రాష్ట్రాల నుండి వచ్చి, తూర్పు గోడను ఆనుకుని వేసిన రేకుల షెడ్లలో నివసిస్తున్నాయి. ఆ తల్లిదండ్రుల పేర్లు మన గేటు పాసుల రిజిస్టరులో ఉన్నాయి. ఎవరు ఏ షిఫ్టులో లోపలికి వెళ్లారో, ఎప్పుడు బయటికి వచ్చారో మనకు నిమిషాలతో సహా తెలుసు. వారి పిల్లల పేర్లు మాత్రం ఏ రిజిస్టరులోనూ లేవు.

పిల్లలు లేక ఒక బడి దిగులు పడుతున్నది. బడి లేక కొందరు పిల్లలు గేటు పట్టుకుని నిలబడుతున్నారు. రెండింటి మధ్య దూరం రెండు వందల గజాలు. ఇంతకాలం ఆ రెండు వందల గజాలు ఎవరూ ఎందుకు నడవలేదన్న ప్రశ్న వేసుకున్నప్పుడు, మా వైపు నుండి చెప్పుకోదగిన జవాబు మాకు దొరకలేదు.

ప్రధానోపాధ్యాయురాలు అంతకు ముందు రెండుసార్లు షెడ్ల దగ్గరకు వెళ్లారట. పగటిపూట పెద్దలు ఎవరూ ఉండరు. ఉన్న పిల్లలకు తెలుగు రాదు, ఆమెకు హిందీ అంతంత మాత్రం. పుట్టిన తేదీ పత్రం లేదు, పాత బడి బదిలీ పత్రం లేదు అని ఎవరో చెప్పి పంపివేశారు. నిజానికి ఈ కాగితాలు అడ్డంకి కానవసరం లేదు. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని విద్యా హక్కు చట్టం స్పష్టంగా చెబుతున్నది. బదిలీ పత్రం ఆలస్యమైనా ప్రవేశాన్ని ఆపరాదు. మధ్యలో చదువు మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనుకబడిన భాగాన్ని ప్రత్యేక శిక్షణతో పూరించాలి. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో పేర్కొన్నది. ఈ నాలుగు విషయాలు మనలో ఎంతమందికి తెలుసు? మాకు ఆ రోజు వరకు తెలియవు.

ఆదివారం సాయంత్రం

జూన్ 15, ఆదివారం సాయంత్రం ప్రధానోపాధ్యాయురాలితో కలిసి మేము షెడ్ల దగ్గరకు వెళ్లాము. వెంట మన రాజభాషా విభాగం మిత్రుడొకరు వచ్చారు. సెప్టెంబరు 14 వచ్చినప్పుడు, హిందీ పక్షోత్సవం పోటీలలో బహుమతుల కోసం మాత్రమే ఆయనను వెతుక్కుంటూ వెళ్లే మనకు, ఆయన విద్య జూన్‌లో కూడా పనికివస్తుందని ఆనాడే తెలిసింది.

తమ్ముణ్ణి ఎత్తుకున్న బాలిక తండ్రి వెల్డింగు పనిలో సహాయకుడు. తల్లి కూడా పనికి వెళుతుంది. అతడు అడిగినవి మూడే ప్రశ్నలు. ఫీజు ఎంత? ఏమీ లేదు. మూడు నాలుగు నెలలలో పని అయిపోతే మరో ఊరు పోవాలి, అంతమాత్రానికి చేర్చడం ఎందుకు? ప్రధానోపాధ్యాయురాలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాలుగు నెలలైతే నాలుగు నెలలే అన్నా. ఆ నాలుగు నెలలు మా దగ్గర ఉండనీయండి" అన్నారు. మా మిత్రుడు దానిని హిందీలో చెప్పారు.

మూడవ ప్రశ్నకు జవాబు అంత సులువు కాలేదు. అమ్మాయి బడికి పోతే పిల్లవాడిని ఎవరు చూస్తారు? ఇంటింటా చదువు ఆగిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. పెద్దపిల్ల చదువును చిన్నపిల్లవాడి ఆలనకు మారకం వేయడం మన తాతల కాలం నుండి చూస్తున్నదే. పిల్లవాడికి మూడేళ్లు నిండాయని విని ప్రధానోపాధ్యాయురాలు, అదే ఆవరణలో ఉన్న అంగన్‌వాడీలో అతణ్ణి చేర్చుకుంటారని, అక్క చదివే గదికి అది పదడుగుల దూరమేనని చెప్పారు. తండ్రి అవుననలేదు, కాదనలేదు. చూసి చెబుతానన్నాడు.

మరునాడు జనరల్ షిఫ్టుకు పోతూ అతడు హెల్మెట్ చేతిలో పట్టుకుని బడికి వచ్చాడట. లోపలికి రమ్మంటే రాలేదు. వేపచెట్టు కింద నిలబడి పది నిమిషాలు చూశాడు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి ముగ్గురు పిల్లలు గేటు దాటి లోపలికి వచ్చారు. బుధవారం ఆ అమ్మాయి తమ్ముడితో సహా వచ్చింది. నెలాఖరుకు షెడ్ల నుండి వచ్చిన పిల్లలు ఏడుగురయ్యారు. బీరువాలోని పదకొండు సెట్లలో ఏడు సెట్లు బయటికి వచ్చాయి.

ఆ అమ్మాయి మొదటి రోజుననే కిటికీ పక్కన కూర్చున్నది. అక్కడి నుండి అంగన్‌వాడీ గుమ్మం కనబడుతుంది. పలకపై ఒక అక్షరం, కిటికీలో నుండి ఒక చూపు. ఉపాధ్యాయులు ఆమెను అక్కడి నుండి లేపలేదు. మూడవ వారంలో మేము వెళ్లినప్పుడు ఆమె గది నడుమ నలుగురు పిల్లల మధ్య కూర్చుని ఉన్నది. లేచి రమ్మని ఎవరూ చెప్పలేదట. ఎప్పుడు వచ్చిందో తమకే తెలియదని ఉపాధ్యాయులు నవ్వారు.

ప్రతిజ్ఞ

కొత్త పిల్లలు వచ్చిన వారంలోనే జరిగిన ఒక సంఘటనను ప్రత్యేకంగా చెప్పాలి. ఆ బడిలో ఉదయ సమావేశం వేపచెట్టు కింద జరుగుతుంది. ప్రతిజ్ఞ చెప్పించే బాధ్యత ఒక్కొక్క రోజు ఒక్కొక్కరిది. కొత్తగా వచ్చినవారిలో తొమ్మిదేళ్ల బాలుడొకడు తెలుగు ప్రతిజ్ఞ సాగుతుండగా చేయి చాచి, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. మాటలు అందరి మాటలు కావు. ప్రధానోపాధ్యాయురాలు దగ్గరకు వెళ్లి విన్నారు. అతడు తన సొంత ఊరి బడిలో రెండవ తరగతిలో నేర్చుకున్న హిందీ ప్రతిజ్ఞను చిన్న గొంతుతో చెప్పుకుంటున్నాడు.

మరునాడు ప్రతిజ్ఞ చెప్పించే వంతు అతడికి ఇచ్చారు. అతడు హిందీలో ఒక్కొక్క వాక్యం చెబుతుంటే తక్కిన పిల్లలు తడబడుతూ, నవ్వుతూ, తిరిగి పలికారు. అంతవరకు ఏ మాటా రాక మూలన నిలబడిన పిల్లవాడు ఆ రోజు ఇరవై మందికి గురువయ్యాడు. పూర్తయ్యాక ఐదవ తరగతి బాలిక ఒకతె అతడికి తెలుగు ప్రతిజ్ఞలోని మొదటి మాట నేర్పింది. అప్పటి నుండి వారంలో ఒక రోజు హిందీ ప్రతిజ్ఞ ఆ బడి ఆనవాయితీ అయింది.

ఆ ప్రతిజ్ఞ పుట్టుక తెలిసినవారికి ఈ దృశ్యం మరింత హృద్యంగా ఉంటుంది. దేశంలోని బడులన్నింటిలో పిల్లలు తమ తమ భాషలలో నిత్యం పలికే ఆ ప్రతిజ్ఞ మొదట తెలుగులో రాయబడినది. రాసినవారు నల్లగొండ జిల్లా అన్నెపర్తి గ్రామంలో 1916లో జన్మించిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లో, చైనాతో యుద్ధం జరిగిన ఆ సంవత్సరంలో, ఆయన విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా పనిచేస్తూ దానిని రచించారు. 1963లో విశాఖపట్నంలోని పాఠశాలలో దానిని చదివించారు. 1965 జనవరి 26 నుండి అది దేశమంతటా పాఠశాలలకు చేరింది. సుబ్బారావు గారు 1988లో కన్నుమూశారు.

బిల్లులు, వోచర్లు, పద్దులు చూసే ఒక ప్రభుత్వోద్యోగి కలం నుండి వెలువడిన నాలుగు వాక్యాలు అరవై ఏళ్లకు పైగా దేశమంతా తిరిగి, ఝార్ఖండ్‌లోని ఒక పల్లె బడిలో హిందీగా ఒక పిల్లవాడి నోటికి చేరి, అతడి తండ్రితో పాటు మన కర్మాగారపు గోడ దాకా వచ్చి, ఆయన పుట్టిన తెలంగాణ నేల మీదనే ఒక వేపచెట్టు కింద మళ్లీ వినబడ్డాయి. ఫైళ్ల మధ్య జీవితం గడిపే మన బోటివారికి ఇంతకంటె గర్వకారణమైన కథ మరొకటి ఉంటుందని మేము అనుకోము.

ఒకే పంక్తి

మధ్యాహ్నం పన్నెండున్నరకు పళ్లేల చప్పుడు మొదలవుతుంది. చేతులు కడుక్కోవడానికి పిల్లలు వరుస కడతారు. పెద్ద తరగతి పిల్లలు చిన్నవారికి నీళ్లు పోస్తారు.

బడిలో వండి పెట్టే అన్నం వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. తమిళనాడులో కామరాజ్ గారు 1956లో దానికి పునాది వేశారు. కేంద్ర పథకం 1995 ఆగస్టు 15న మొదలైనా చాలా రాష్ట్రాలలో అప్పట్లో బియ్యం పంచి ఊరుకునేవారు. వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించిన తరువాత, 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడులలో పొయ్యి వెలిగింది. తెలంగాణలో 2015 జనవరి నుండి సన్నబియ్యం వండుతున్నారు. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు వంద గ్రాముల బియ్యం, ఇరవై గ్రాముల పప్పు, యాభై గ్రాముల కూరగాయలు, ఐదు గ్రాముల నూనె కేంద్ర పథకం లెక్క. మొత్తం మీద 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి.

అంకెల మాట అలా ఉంచి, ఏడుగురు పిల్లలు అదనంగా వచ్చిన రోజున వంట అక్క ఏమన్నదో చెప్పాలి. కిరాణా కొట్టులో ఆమె పేరున ఖాతా ఉన్నది. బిల్లు వచ్చేదాకా కూరగాయలు, సరుకులు ఆ ఖాతా మీదనే నడుస్తాయి. పిల్లలు పెరిగితే ముందుగా పెరిగేది ఆమె అప్పు. ఆ సంగతి అడిగితే ఆమె గరిటె తిప్పుతూ, "గింత పిల్లలు సారు, ఎంత తింటరు? పొయ్యి మీద ఇంకో రెండు గిలాసల బియ్యం, అంతే గద" అన్నది. రెండు గిలాసలని ఆమె తేలికగా అన్న ఆ లెక్క, పని చేసే మనిషికి సకాలంలో డబ్బు అందడం ఎంత అవసరమో ఎరిగిన మనకు అంత తేలికగా తోచలేదు.

వరండాలో పిల్లలు రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చుంటారు. ఊరి పిల్లలు, షెడ్ల పిల్లలు వేరువేరుగా కూర్చున్నది మొదటి మూడు రోజులే. నాలుగవ రోజు గుడ్డు పెట్టే రోజు. గుడ్డు పెంకు వలవడంలో పోటీ మొదలై వరుసలు కలిసిపోయాయని సహోపాధ్యాయుడు చెప్పారు. ఫలానావారి పిల్లలు ఫలానావారి పక్కన కూర్చోరాదన్న రోజులు చూసిన పెద్దలు ఆ ఊరిలో ఇంకా ఉన్నారు. వారి మనుమలు ఆ వరండాలో భుజం భుజం ఆనించి అన్నం తింటున్నారు. ఏ ఉపన్యాసమూ చేయలేని పని ఒక పంక్తి భోజనం చేస్తున్నది.

ఇద్దరు గురువులు, ఐదు తరగతులు

రెండు గదులలో ఐదు తరగతులు ఎలా నడుస్తాయన్న సందేహం పాఠకులకు కలగడం సహజం. ఒకటి, రెండు తరగతులు ఒక గదిలో, మూడు, నాలుగు, ఐదు మరో గదిలో. ఒక తరగతికి పాఠం చెబుతున్నప్పుడు మరొక తరగతి సొంతంగా పని చేసుకోవాలి. చిన్న బడికి ఇది తప్పనిసరి బాధ. అయితే దీనినే బలంగా మార్చుకున్నవారూ ఉన్నారు. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెలలో నడిపిన చిన్న బడుల కోసం ఒక పద్ధతిని రూపొందించింది. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, నిచ్చెన మెట్ల వలె అమర్చుతారు. ప్రతి బిడ్డా తాను ఉన్న మెట్టు నుండి తన వేగంతో పైకి వెళుతుంది. పది రోజులు బడికి రాని బిడ్డ తిరిగి వచ్చి ఆగిన మెట్టు నుండే మొదలుపెట్టవచ్చు. వలస వచ్చే పిల్లలకు ఇంతకంటె అనువైన ఆలోచన ఉండదు.

మేము చూసిన బడిలో అంత పెద్ద ఏర్పాటు లేదు. కాని స్ఫూర్తి అదే. 2022–23 నుండి తెలంగాణ పాఠ్యపుస్తకాలలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. షెడ్ల పిల్లలకు రెండూ కొత్తవే. అందువల్ల మొదట బొమ్మలతో ఆరంభించారు. చెట్టు, నీళ్లు, కుక్క, బువ్వ. బొమ్మకు తెలుగు పేరు ఊరి పిల్లలు చెబుతారు, తమ భాషలో పేరు కొత్త పిల్లలు చెబుతారు. అందరిదీ హిందీ కాదని, కొందరి ఇంటి భాష వేరని అప్పుడే తెలిసింది. గోడ మీద ఒకే బొమ్మ కింద మూడు నాలుగు పేర్లు తెలుగు లిపిలో రాసి ఉండడం మేము చూశాము.

ఇక పనుల పంపకం. పిల్లల సంఘాలు నాలుగు ఉన్నాయి. నీటి సంఘం కుండలు నింపుతుంది. ఆరోగ్య సంఘం గోళ్లు చూస్తుంది. తోట సంఘం వంటశాల వెనుక తోటకూర, బెండ మొక్కలకు నీళ్లు పోస్తుంది. గ్రంథాలయ సంఘం మూలన తాడు మీద వేలాడే కథల పుస్తకాలను ఇచ్చి, తిరిగి పుచ్చుకుంటుంది. ప్రతి కొత్త బిడ్డకూ చేరిన రెండవ రోజే ఏదో ఒక సంఘంలో చోటు ఉంటుంది. చదవడం రాకముందే బాధ్యత వస్తుంది. ఒక నెల పైబడిన నాటికి కథల పుస్తకాల తాడు దగ్గర నిలబడి లెక్క చూసుకుంటున్నది ఎవరో కాదు, కిటికీ పక్కన కూర్చున్న ఆ అమ్మాయే.

అతిథిగా వెళ్లిన మాకు కూడా ఊరికే కూర్చునే అవకాశం దొరకలేదు. నెలలో రెండవ శనివారం సెలవు పోగా మిగిలిన శనివారాలలో మహిళా సమాజం సభ్యులు వంతుల వారీగా వెళ్లి కథలు చదివి వినిపిస్తున్నారు. రాజభాషా మిత్రుడు హిందీ మాటలకు దారి చూపుతున్నారు. మరమ్మతుల విభాగం వారు ఒక సాయంత్రం చేతిపంపు వాషరు మార్చి వచ్చారు. అది ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్న పని. చేయడానికి పట్టినది నలభై నిమిషాలు.

వెళ్లిపోయినవారు

జూలై చివరి వారంలో ఒక గుత్తేదారు పని ముగిసింది. హిందీ ప్రతిజ్ఞ చెప్పిన బాలుడు, అతడి చెల్లెలు తల్లిదండ్రులతో వెళ్లిపోయారు. రైలు రాత్రికి అని ఉదయమే తెలిసింది. అడిగిన వెంటనే బదిలీ పత్రం ఇవ్వాలన్నది చట్టం. ప్రధానోపాధ్యాయురాలు ఆ పత్రంతో ఆగలేదు. ఆ పిల్లవాడికి ఏయే అక్షరాలు వచ్చునో, లెక్కలలో ఎంతవరకు వచ్చాడో, ఏ కథ ఇష్టమో ఒక కాగితం మీద రాసి, మన రాజభాషా మిత్రుడి చేత హిందీలోకి మార్పించి, తండ్రి చేతికిచ్చారు. తరువాతి ఊరిలో ఏ ఉపాధ్యాయుడు దానిని చూస్తాడో, అసలు చూస్తాడో లేదో ఎవరికి తెలుసు? "నేను పంపాల్సింది పంపాను" అన్నారామె.

ఇరవై ఒకటి పందొమ్మిది అయింది. ఆగస్టు రెండవ వారంలో పసుపు వ్యానులో వెళ్లిన ఇద్దరిలో ఒక పాప తిరిగి వచ్చి చేరింది. ఇరవై. ఆగస్టు 15న జెండా ఎగిరిన ఉదయం ఆ ఇరవై మందీ వేపచెట్టు కింద ఉన్నారు. వచ్చే నెల ఎంతమంది ఉంటారో చెప్పలేము. చిన్న బడి బతుకు ప్రతి నెలా ఇలా లెక్క చూసుకోవలసినదే.

మన వంతు

2013 నాటి కంపెనీల చట్టం 135వ విభాగం ప్రకారం, చట్టం చెప్పిన స్థాయి దాటిన సంస్థలు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. ధనానికి ఇలా ఒక లెక్క ఉన్నది. సమయానికి మాత్రం ఏ చట్టమూ లెక్క కట్టలేదు. బీరువాలో మిగిలిన నోటు పుస్తకాల సాక్షిగా చెబుతున్నాము, ఆ బడికి కొరత వస్తువులకు కాదు. తెచ్చిన వస్తువును అందుకునే చేతులను గేటు దాటించి లోపలికి తెచ్చే మనుషులు అక్కడ కరువయ్యారు.

అందుచేత ఉద్యోగ మిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు మూడు మనవులు. గుత్తేదారు కార్మికులకు గేటు పాసు రాసే సమయంలో 'వెంట పిల్లలున్నారా, ఎన్నేళ్లవారు' అన్న ఒక్క ప్రశ్న చేర్చమని సంబంధిత విభాగాన్ని కోరుతున్నాము. ఆ జాబితా నెలకొకసారి బడికి చేరితే చాలు. రెండవది, మీ కింద పనిచేసే కార్మికుడితో ఆయన పిల్లల చదువు గురించి ఒకసారి మాట్లాడండి. కాగితాలు లేవని బెదరవద్దని, ఫీజు లేదని చెప్పండి. మూడవది, బడికి ఏదైనా తీసుకువెళ్లదలచినప్పుడు ముందుగా వెళ్లి అడగండి. చేతిపంపు వాషరు వంటి చిన్న అవసరాలు ఎవరి విరాళాల జాబితాలోనూ ఉండవు.

ఆగస్టు చివర మేము ఆ బడి నుండి బయలుదేరుతుండగా ప్రధానోపాధ్యాయురాలు బీరువా తెరిచి చూపించారు. ఏడు సెట్లు షెడ్ల పిల్లలకు, ఒకటి తిరిగి వచ్చిన పాపకు పోగా ఇంకా మూడు ఉన్నాయి. పై అట్టలు చెక్కు చెదరలేదు, పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉన్నది.

మన షిఫ్టు బస్సు ఆ గోడ పక్కగా రోజుకు ఆరుసార్లు వెళుతుంది. వెళ్లేటప్పుడు ఒకసారి కుడివైపు చూడండి. గేటు బయట ఎవరైనా పిల్లలు నిలబడి ఉంటే, లోపల వారి కోసం మూడు సెట్లు ఉన్నాయని గుర్తు చేసుకోండి.